రంగూను తెలుగువారి చరిత్రలో దైవము, పురుషకారము

ఏటేట ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగియగానే మన దేవళములలో భక్తులు అడుగు ప్రశ్న యొకటి కలదు. ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు ముందే వ్రాసియుండగా మనము పడు పాటు దేనికి? చిన్నవారు నవ్వుచు అడుగుదురు. ఇంట కష్టము కలిగినవారు నవ్వక అడుగుదురు. దీనికి ఒక శ్లోకము చదివి ప్రసాదమిచ్చి పంపుట సులభమే. కాని యీ ప్రశ్నను మన జాతివారే ఒక నగరమున నూఱేండ్లకు పైగా తమ చెమటతోను, తమ ప్రాణములతోను పరీక్షించియున్నారు. ఆ నగరము రంగూను. నేటి పేరు యాంగోను. అచ్చటి కథ మన దీవిలో తెలిసినవారు తక్కువ గనుక దానిని కొంత విపులముగా చెప్పదలచితిమి.

మన తాతముత్తాతలు మారిషస్ చెఱకుతోటలకు వచ్చిన కాలముననే, అదే తీరమున ఓడలెక్కి వేఱొక దిక్కునకు పోయినవారు బర్మాలో దిగిరి. ఇచ్చటను అచ్చటను పరులు మనవారికి పెట్టిన పేరొక్కటియే: కోరంగీలు. కోరంగి యనునది కాకినాడకు దాపున, గోదావరి పాయ సముద్రమున గలియు చోటనున్న పాత రేవు. 1789లో ఒక ఉప్పెన దానిని ముంచెను. 1839 నవంబరులో మఱియొక ఉప్పెన వచ్చెను. ఆ దెబ్బనుండి రేవు తేఱుకొనలేదు. రేవు పోయినది గాని దాని పేరు సముద్రము దాటి రెండు దేశములలో మనుషులకు అంటుకొని నిలిచినది.

రంగూను తెలుగువారిలో అధికులు విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాలవారు. 1852 యుద్ధములో ఇంగ్లీషువారు రంగూనును పట్టుకొనిరి. పిమ్మట ఐరావతీనది లంకలలో అడవులు నఱికి వరిపొలములు చేయించిరి. 1869లో సూయెజు కాలువ తెఱచినపిదప ఆ బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. నది యొడ్డున రైసుమిల్లులు లేచినవి; వానికి మనుషులు కావలసివచ్చిరి. మన తీరమున చూడగా 1866లో గంజాము కఱవు, దానికి తోడు జమీందారుల శిస్తులు, షావుకారుల బాకీలు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ, గోపాలపురము రేవులలో స్టీమర్లు ఆగి జనమును ఎక్కించుకొని పోయెడివి. 1931 జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య 4 లక్షలు. అందులో సగమునకు మించి హిందూదేశమునుండి వచ్చినవారే. బర్మా మొత్తముమీద తెలుగు మాటలాడువారు లక్షన్నరకు పైబడియుండిరి. ఓడలలోనికి బియ్యపుబస్తాలు మోసినవారు, మిల్లులలో ధాన్యమెత్తినవారు, రిక్షాలు లాగినవారు, వీథులూడ్చినవారు పెక్కురు మనవారే.

పల్లెలలో రంగూనును "రంగము" అనెడివారు. ఫలానావాడు రంగము పోయినాడు అన్నచో ఇంటివారికి దాని యర్థములు రెండు: సొమ్ము రావచ్చుననియు, మనిషి రాకపోవచ్చుననియు. నాటకమాడు చోటును గూడ రంగమనియే యందుము. సూత్రధారుడెవ్వడు, పాత్రధారి యెవ్వడు అని ఈ మాటను పట్టుకొని వేదాంతము చెప్పువారు చెప్పుదురు గాక. మేము చెప్పబోవునది లెక్కపుస్తకముల సంగతి.

మన దీవికి 1834 మొదలు వచ్చినవారిని కట్టిన త్రాడు ఒప్పందపు కాగితము. రంగూనునకు పోయినవారిలో పెక్కురకు అట్టి కాగితము లేదు. కావున వారు స్వేచ్ఛగా వచ్చిన కూలీలని దొరలు వ్రాసికొనిరి. వాస్తవమునకు వారిని కట్టినది మేస్త్రీ పద్దు. మేస్త్రీ పల్లెకు వచ్చి ఇంటివారి చేతిలో కొంత అడ్వాన్సు పెట్టును. ఓడకేవు తానే యిచ్చును. రంగూనులో దిగగానే ఆ మొత్తము, దానిపై వడ్డీ, తలదాచుకొను గది అద్దె, అంగడిలో తెచ్చుకొన్న బియ్యము వెల, అన్నియు ఒకే పద్దులో చేరును. రేవు కూలి మొదట స్టీవెడోరు చేతికి వచ్చును. స్టీవెడోరనగా ఓడ సరకు ఎక్కించి దింపించు కంట్రాక్టరు. వానినుండి పెద్దమేస్త్రీకి, అతనినుండి జట్టుమేస్త్రీకి, కట్టకడపట మోసినవానికి. ప్రతి చేతిలోను కొంత కొంత మిగిలిపోవును. మోసినవాడు తన చేతిలో పడిన నాణెములు చూచుకొని "నా తలవ్రాత యింతే" యనుకొనెడివాడు. ఆ వ్రాత వ్రాసినది బ్రహ్మ కాదు, మేస్త్రీ గుమాస్తా. ఆ పద్దు తాను చదువలేడు గనుక అతనికి ఆ రెండు వ్రాతలును ఒక్కటిగానే తోచినవి. 1933లో ఆండ్రూ అను ఆంగ్లేయుడు రంగూనులోని హిందూదేశపు కూలీలనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మనవారు ఒక్కొక్క గదిలో ఎట్లు క్రిక్కిఱిసి పండుకొనిరో, కూలి ఎట్లు చేతులు మారెనో తెలియగోరువారికి అది నేటికిని పనికివచ్చు గ్రంథమే.

ఇక శాస్త్రము తలవ్రాతనుగూర్చి నిజముగా చెప్పినదేమి? మనలో పెక్కురము బాల్యమున వినినది "అంతయు దైవాధీనము" అను మాట. వ్యాసభారతము ఆ మాటను అంత సులభముగా విడిచిపెట్టలేదు. అరణ్యపర్వమున ద్రౌపది ధర్మరాజుతో వాదించుచు, ప్రాణులు కొయ్యబొమ్మలవంటివనియు, ధాత లాగినట్లు ఆడుననియు, మంచివారిని కష్టపెట్టి దుర్మార్గులకు సిరియిచ్చు ఆ ధాతను తాను మెచ్చజాలననియు పలుకును. అది నాస్తికుల మాట యని ధర్మరాజు మందలించును. ఇంతవఱకే చెప్పి పురాణము ముగించువారు కలరు. కాని ద్రౌపది మరల నోరు విప్పును. దుఃఖముచే అట్లు పలికితిననును. అయినను పని చేయక కూర్చుండువానికి నాశమే యనును. రైతు నాగలిపట్టి దున్ని, విత్తి, వానకై యెదురుచూచును. వాన రాకున్నచో ఆ తప్పు రైతుది కాదనును. ఈ కడపటి మాట మాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఫలము రానివానిని తప్పుపట్టరాదని ఇంత తేటగా చెప్పిన చోటు శాస్త్రములలో అరుదు.

ఉద్యోగపర్వమున రాయబారమునకు బయలుదేరబోవు శ్రీకృష్ణుడును ఈ పొలము పోలికనే యెత్తుకొనును. పొలమెంత బాగుగా దున్నినను వాన లేక పండదు. నీరు తోడిపెట్టుట పురుషకారము. తోడిపెట్టినను ఎండిపోవుట దైవము. తనకు చేతనైన ప్రయత్నము తాను చేయుదుననియు, దైవమును మార్చుట తన వశము కాదనియు ఆయన చెప్పి ప్రయాణమగును. సాక్షాత్తు భగవంతుడని మనము కొలుచు ఆయన నోట ఈ మాట వచ్చుట గమనింపదగినది. అనుశాసనికపర్వమున భీష్ముడు దైవమును విత్తుతోను, పురుషకారమును పొలముతోను పోల్చిన సంవాదమొకటి ధర్మరాజునకు వినిపించును. పొలము లేక విత్తు మొలవదు. యాజ్ఞవల్క్యస్మృతి, ఒంటిచక్రముతో రథము నడువదనును. యోగవాసిష్ఠమున వసిష్ఠుడు శ్రీరామునకు చేసిన బోధ ఇంకను ముందునకు పోయినది. దైవమని వేఱుగా ఏదియు లేదు, మనము మునుపు చేసిన ప్రయత్నమునకే అది పేరు అని ఆయన మతము. నాటి ప్రయత్నము, నేటి ప్రయత్నము రెండు పొట్టేళ్ళవలె ఢీకొనును, బలమైనది గెలుచును. గీతలో పదునెనిమిదవ యధ్యాయమున ఏ పనికైనను కారణములు ఐదని చెప్పి దైవమును ఐదవదిగా లెక్కించిరి. ఐదింట ఒకటి మాత్రమే.

సంచితము, ప్రారబ్ధము, ఆగామి యను మూడు కర్మలను పెద్దలు బాణములతో పోల్చి చెప్పుదురు. అమ్ములపొదిలో నున్నది సంచితము. విడిచిన బాణము ప్రారబ్ధము. ఇప్పుడు వింట సంధించుచున్నది ఆగామి. విడిచినదానిని వెనుకకు పిలువలేము. చేతిలోనున్నది మన చేతిలోనిదే.

తెలుగునాట ఊరూర ఆడిన హరిశ్చంద్ర కథను ఈ విషయమున పొరపాటుగా అర్థము చేసికొనువారు పెక్కుమంది. ఋణము తీర్చుటకై ఆలుబిడ్డలనమ్మి, తన్ను తానమ్ముకొని కాటికాపరియైన రాజు కథ అప్పులో మునిగిన కూలికి తన కథవలెనే యుండును. అయినను వారిద్దఱి నడుమ గొప్ప భేదము కలదు. హరిశ్చంద్రునకు తలుపు ఎప్పుడును తెఱచియే యున్నది. ఒక్క అబద్ధమాడినచో ఆ దినముననే కష్టము తీరును, ఆయన ఆడలేదు. కావున ఆయన పడినదంతయు ఆయన కోరి పడినదే, విధి ఆడించిన ఆట కాదు. రేవు కూలికి తలుపు మూసినది పరుని చేయి. ఈ రెంటికిని "కర్మ" అను ఒక్క మాటనే వాడుట మాకు న్యాయముగా కనబడదు.

రంగూనులో మనవారి చుట్టునున్న బర్మీయులును కర్మను నమ్మినవారే. ష్వేడగోను పగోడా అడుగున ఎనిమిది దిక్కులకును గ్రహస్థానములు కలవు. బర్మీయుల వారములు ఎనిమిది. బుధవారమును రెండుగా చేసి అపరాహ్ణమును రాహువునకిచ్చిరి. తాము పుట్టిన వారపు స్థానమున బుద్ధప్రతిమపై నీరు పోసి మ్రొక్కుకొందురు. మన దేవళములలో నవగ్రహములకు ప్రదక్షిణము చేయు భక్తులకు ఇది వింతగా నుండదు. గ్రహపీడ తొలగుటకు వారు చేయించు క్రియను "యదయా" అందురు. మనము శాంతి యందుము. ఇచ్చట ఒక మాట చెప్పవలెను. శాంతి చేయించువాడు విధికి తిరుగులేదని నమ్మినవాడు కాడు. తిరుగున్నదను ఆశతోనే కదా కొబ్బరికాయ తెచ్చినాడు! జ్యోతిషము మనిషిని సోమరిని చేయునని నిందించువారు ఈ సంగతి మఱచుచుందురు.

బర్మీయులలో సామాన్యజనము నోట ఆడు మాట యొకటి మూడు పదములది: కన్, న్యాన్, వీరియ. అనగా కర్మము, జ్ఞానము, వీర్యము. జీవితమున ఏది కావలసినను ఈ మూడును కలిసి రావలెనని వారి భావము. వారి మతగ్రంథములు ఈ విషయమున మనము అనుకొనుదానికంటె నిష్కర్షగా నున్నవి. మనిషి పొందు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మ వలననే యనువారిని, అన్నియు ఈశ్వరుడు చేసినవే యనువారిని, ఏ కారణము లేకయే కలుగుననువారిని బుద్ధుడు ముగ్గురినిగూడ ఖండించినట్లు అంగుత్తరనికాయమున కలదు. ఈ మూటిలో దేనిని నమ్మినను, ఇది చేయవలెను, ఇది చేయరాదు అను నిశ్చయము మనిషికి మిగులదని ఆయన వాదము. సంయుత్తనికాయమున సీవకుడను పరివ్రాజకుడు అడుగగా, నొప్పులు పైత్యమువలనను, వాతమువలనను, ఋతువులు మారుటవలనను, పరుల దెబ్బలవలనను గూడ కలుగును, అన్నింటిని కర్మపై వేయరాదని చెప్పెను. బుద్ధుని కాలమున మక్ఖలి గోశాలుడను ఆచార్యుడుండెను. విసరిన నూలుండ దారమున్నంతవఱకు తానే విప్పుకొనిపోవునట్లు జన్మములు జరిగిపోవును, మనిషి చేయగలిగినదేమియు లేదు అని ఆయన బోధ. బుద్ధుడు అన్నింటికంటె హీనముగా నెంచినది ఆ మతమునే.

బర్మాలో లెడీ సయాడో (1846–1923) అను గొప్ప భిక్షువు ప్రకృతిలోని నియమములను ఐదుగా విడదీసి ఒక గ్రంథము వ్రాసెను. ఎండవానలు, వేడిచలి మొదలైనవానిది ఉతునియమము. విత్తునుండి చెట్టు వచ్చునది బీజనియమము. కమ్మనియమము, చిత్తనియమము, ధమ్మనియమము తక్కిన మూడు. కర్మ అందులో ఒకటి మాత్రమే. మన గీత దైవమును ఐదింట నొకటిగా చెప్పుటయు, వీరు కర్మను ఐదింట నొకటిగా చెప్పుటయు ఒకటే కాదు, విభాగములు వేఱు. అయినను ఒక్క కారణముతో లోకమునంతటిని వివరింపబూనుట పెద్దలెవ్వరికిని సమ్మతము కాలేదని మాత్రము తెలియుచున్నది.

క్రైస్తవులలోను ఈ చర్చ తీవ్రముగా జరిగినది. మోక్షము ఎవరికో దేవుడు ముందే నిర్ణయించెనని పదునాఱవ శతాబ్దమున కాల్విను బోధించెను. ఆ మతమున పెరిగిన జడ్సను అను అమెరికా దేశపు పాదిరి 1813లో రంగూనున దిగెను. 1819 వఱకు ఒక్క బర్మీయుడైనను అతని మతములో చేరలేదు. అంతయు నిర్ణయమైనదని నమ్మినవాడు ఆఱేండ్లు భాష నేర్చుకొనుచు, గ్రంథములు అనువదించుచు కూర్చుండెను! నమ్మకమునకును నడతకును గల సంబంధము తర్కశాస్త్రములో చెప్పినంత సూటిగా నుండదు.

ఇప్పుడు 1930వ సంవత్సరపు మే మాసమునకు వత్తము. మే 5వ తేదీన గాంధీమహాత్ముని నిర్బంధించిరి. ఆ రాత్రియే రంగూనునకు ఉత్తరముననున్న పెగూలో గొప్ప భూకంపము వచ్చెను. అచ్చటి ష్వేమాడో పగోడా కూలిపోయెను; సుమారు 500 మంది చనిపోయిరి. రంగూనులోను ఇండ్లు పడి ప్రాణనష్టము కలిగెను. ఒకే దినమున ఈ రెండును జరుగుటచే జనులు దీనిని ఉత్పాతముగా నెంచిరనుటలో ఆశ్చర్యము లేదు. శాస్త్రజ్ఞులు ఆ భూకంపమునకు కారణము బర్మాలో ఉత్తరమునుండి దక్షిణమునకు పాఱు సగాయింగ్ పగులు అందురు. 2025 మార్చి 28న మాండలే ప్రాంతమున వేలకొలది ప్రాణములు తీసినదియు ఆ పగులే. లెడీ సయాడో లెక్కలో ఇది ఉతునియమము. నేల అదిరినందులకు క్రిందపడినవాని పుణ్యపాపములను వెదకనక్కఱలేదు.

కాని అదే నెలలో జరిగిన రెండవ యుత్పాతము అట్టిది కాదు. రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. స్టీవెడోర్లు వారి స్థానమున బర్మీయులను పనిలోనికి తీసికొనిరి. బర్మీయులలో పేదలకు ఆ పని కావలసియే యుండెను. తమ నగరమున తమకే రేవుపని లేకపోవుట వారికి చిరకాలముగా కంటకముగా నుండెను. కొన్ని వారములకు స్టీవెడోర్లు తెలుగువారితో రాజీపడి కొంత కూలి పెంచిరి. మే 26 ఉదయమున తెలుగువారు పనికి వచ్చిరి. రాజీ సంగతి తెలియని బర్మీయులును, భార్యలు కట్టియిచ్చిన అన్నము పట్టుకొని, ఎప్పటివలె వచ్చిరి. వారిని పొమ్మనిరి. ఎగతాళి మాటలు, పిమ్మట దెబ్బలు, పిమ్మట కత్తులు. కొన్ని దినములు నగరములో తెలుగువాడు కనబడినచో నఱికిరి. చనిపోయినవారు సుమారు 120 మందియని ప్రభుత్వము లెక్క చెప్పెను. అంతకంటె చాల హెచ్చని జనులనిరి. గాయపడినవారు 900 మంది. వేలకొలది తెలుగువారు పాత పిచ్చాసుపత్రి భవనములలో తలదాచుకొనిరి. దొరికిన ఓడలెక్కి దేశమునకు పోయినవారును వేలకొలదియే.

ఇందులో దైవమెక్కడ నున్నది? మే 26న పని లేదని బర్మీయులకు ముందుగా ఒక కబురు పంపియుండవచ్చును. రెండు జట్లకును పని పంచియుండవచ్చును. ఒకరి ఆకలిని ఒకరిపై ఉసిగొల్పి కూలి తగ్గించు పద్ధతిని మొదటనే మానియుండవచ్చును. ఇవన్నియు మనుషుల చేతిలోనివి. ఆకలిగొన్నవాడు ఆకలిగొన్నవానిని నఱికిన ఆ వీథులలో మూడవవాడు కనబడలేదు; వాడు కచేరిలో కూర్చుండియుండెను. ఇట్టిదానిని విధి యని చెప్పి సరిపుచ్చినచో లాభము ఎవ్వరికో చదువరులు ఊహింపగలరు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. విమానములు తెలియని జనము వీథులలో నిలువబడి ఆకాశమువైపు చూచుచుండిరట. ఆ యొక్క దినమున 2,000 మందికి పైగా చనిపోయిరి. 25వ తేదీన మరల వేసిరి. 1942 మార్చి 8న నగరము జపాను వశమైనది. ఈ నడుమ గడచిన రెండున్నర మాసములలో ఎవ్వరు ఎట్లు తప్పించుకొనిరో చూచినచో తలవ్రాతలు వ్రాసిన చేయి మరల కనబడును. సొమ్మున్నవారు ఓడలలో గదులు కొనుక్కొని పోయిరి. దొరలలో కొందఱు విమానములెక్కిరి. రేవుపని ఆగిపోవునను భయముచే, మగకూలీలు డెక్కు టిక్కెట్లపై దేశము విడువకుండ ప్రభుత్వము కొంతకాలము ఆటంకపరచెను. మిగిలినవారికి మిగిలినది కాలినడక.

కొందఱు ప్రోము మీదుగా ఐరావతి దాటి, ఆరకాను కొండలలో నూఱు మైళ్ళకు పైబడిన త్రోవ నడచి టౌంగప్ చేరి, అచ్చటినుండి పడవలలో చిట్టగాంగు వైపు పోయిరి. ఆ కొండలలో నీళ్ళు లేవు. కలరా మాత్రము కలదు. మఱికొందఱు మాండలేకు పోయి, చింద్విను నది దాటి, టామూ మీదుగా మణిపురము చేరిరి. ఆ త్రోవలో తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి ఏర్పఱచిరని ఆనాడే హిందూదేశమున నిరసన చెలరేగెను. కట్టకడపట బయలుదేరినవారు ఉత్తరమున హుకాంగు లోయలో, వానలలో, జలగల నడుమ చిక్కిరి. ఇల్లు చేరినవారు 4 లక్షలనుండి 5 లక్షల వఱకనియు, త్రోవలో చనిపోయినవారు 10,000 మొదలు 50,000కు పైగాననియు పలువురు పలువిధముల వ్రాసిరి. లెక్క ఇంతగా తేడా పడుటకు కారణము మఱియేమియు కాదు. వారి పేళ్ళను ఎవ్వరును వ్రాసికొనలేదు.

ఈ సందర్భమున అర్చకవృత్తిలోనున్న మేము చెప్పక తప్పని మాట యొకటి కలదు. టౌంగప్ త్రోవలో బిడ్డను పూడ్చిపెట్టి ముందునకు నడచిన తల్లి "నా కర్మ" యనుకొన్నచో, ఆ మాట ఆమెకు చేతికఱ్ఱ; దానిని పట్టుకొని మఱునాడు మరల నడచును. అదే మాటను ప్రక్కవాడు "నీ కర్మ" యన్నచో అది కఱ్ఱతో కొట్టుట. కర్మ యను మాటను ఉత్తమపురుషలో వాడవచ్చును గాని మధ్యమపురుషలో వాడరాదు. చావు జరిగిన ఇంట, అప్పుల పాలైన ఇంట, జబ్బుపడిన బిడ్డ యున్న ఇంట పెద్దల నోట ఇది నేటికిని జాఱుచునే యున్నది. వాన రాని రైతును తప్పుపట్టరాదని ద్రౌపది చెప్పినది వీరి చెవిని పడలేదు కాబోలు.

యుద్ధానంతరము బర్మా స్వతంత్రమగుటకు జ్యోతిష్కులు ముహూర్తము పెట్టిరి. 1948 జనవరి 4, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషములు. ముహూర్తమునకు ముందే, 1947 జూలైలో, దేశనాయకుడు ఆంగ్ సాన్ హత్యకు గుఱియైనాడు. ముహూర్తమైన మూడు మాసములలో కమ్యూనిస్టుల తిరుగుబాటు. మఱుసటి యేడు కరేన్ల యుద్ధము. 1961లో ప్రధానమంత్రి ఊ నూ దేశారిష్టము తొలగుటకై 60,000 ఇసుక పగోడాలు కట్టించెను. 1962 మార్చి 2న జనరల్ నే విన్ సైన్యముతో వచ్చి ఆయనను నిర్బంధించెను. ఊ నూ భక్తి గలవాడు, సజ్జనుడు. ఆయనను నవ్వుట మా ఉద్దేశము కాదు. ఇసుక పగోడాలు కట్టినవారి చేతులు తుపాకి పట్టినవారి చేతులను ఆపలేకపోయినవి, అంతే.

1964 మార్చిలో రంగూనులోని అంగళ్ళన్నియు సర్కారు పరమైనవి. మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లవనిరి. మూడు తరములుగా కూడబెట్టినది ఒక్క ప్రకటనతో కాగితమైనది. ఆ దశాబ్దము ముగియులోగా సుమారు 3 లక్షల మంది హిందూదేశపు సంతతివారు బర్మా విడిచిరి. విశాఖపట్టణములో కంచరపాలెమువద్ద వారు దిగిన చోటునకు నేటికిని బర్మా క్యాంపు అనియే పేరు. పోనివారును కలరు. యాంగోనులోను, మౌల్మేను ప్రాంతమునను తెలుగు కుటుంబములు ఇప్పటికిని ఉన్నవి. వారిలో పెక్కురకు బర్మా పేళ్ళు, ఇంట మాత్రము తెలుగు దేవతలు.

1964లో ఓడ యెక్కినవారిలో 1942లో ఆ కొండలు కాలినడకను దాటినవారును ఉండిరి. యుద్ధము ముగిసిన వెంటనే, 1945 మొదలు వలసచట్టము వచ్చిన 1947 వఱకు, పలువురు మరల రంగూను చేరియుండిరి. మొదటిమాఱు వారిని పంపినది కఱవు, మేస్త్రీ చేతిలోని అడ్వాన్సు. రెండవమాఱు త్రోవలో ఏమున్నదో, ఆ నగరములో ఏమి జరిగినదో బాగుగ తెలిసి, తమంతట తామే టిక్కెట్టు కొనుక్కొని పోయిరి.